పూడ్చిన తొర్ర

బోన్సాయ్ పొట్టిచెట్ల ప్రదర్శనకు దరఖాస్తు ఒకటే కాగితం, రెండు వైపులా అచ్చు. ముందు వైపు చెట్టు ఎత్తు, వయసు, తొట్టి కొలతలు అడిగారు. వెనక వైపు అడుగున నాలుగు వరుసల ధ్రువీకరణ ఉంది: ఈ చెట్టు ఆది నుంచి ఒకే మొదలుగా నా సంరక్షణలో పెరిగిందనీ, ఇందులో వేరొక మొక్కను జతచేయలేదనీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. దాని కింద సంతకానికి చోటు.

"రాత నీది, సంతకం నాది," అంది వదిన, ఆ కాగితాన్ని ఆడపడుచు చేతిలో పెట్టి. "నా కుడిచేతి రాత చూస్తే కమిటీ వాళ్ళు కోడి కెలికిందనుకుంటారు. శుక్రవారం సాయంత్రం లోపల ఇచ్చెయ్యాలి. వయసు దగ్గర పన్నెండేళ్ళు అని రాయి. కాదు, నా దగ్గరికి వచ్చి పన్నెండేళ్ళు అని రాయి. ఉన్నదున్నట్టు ఉండాలి."

ఆడపడుచు ఆ నాలుగు వరుసలూ రెండుసార్లు చదివింది. "ఇంటికి తీసుకెళ్ళి నింపి తెస్తాలే వదినా," అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. వదిన ముఖం చిట్లించింది. ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పుస్తకాలు చూసిన మనిషి. కాగితం మడత పెడితే ఆవిడకు ఒంటి మీద దెబ్బ పడ్డట్టుంటుంది.

ఆడపడుచును వీధివీధంతా పళ్ళమ్మ అంటారు. పంటి డాక్టరు ఆసుపత్రి వెనక గదిలో కట్టుడుపళ్ళు చెయ్యడం ఆమె వృత్తి. ఆమె చేసిన పళ్ళను కన్నతల్లి కూడా కనిపెట్టలేదని పేరు. "మా చెల్లెలు వీధిలో నడిస్తే సగం వీధి నవ్వుతుంది. ఆ నవ్వులన్నీ దాని చేతిపనే," అని ఆమె అన్నయ్య, అంటే వదిన మొగుడు, పదిమందిలో చెప్పి మురిసిపోతాడు. అబద్ధాన్ని నిజంలా నిలబెట్టే నైపుణ్యం నోటి లోపల ఉన్నంతకాలం గౌరవమైనదే. దాన్ని నోటి బయటికి తెచ్చినప్పటి నుంచే ఆమెకు నిద్ర కరువైంది. అది జరిగి తొమ్మిదేళ్ళు.

ఆ చెట్టు మొదట చెట్టే కాదు, మొద్దు. గ్రంథాలయం ప్రహరీ పక్కన కంచెగా పెంచిన పొదల్లో ఒకటి. గోడ వెడల్పు చేసేటప్పుడు కూలీలు గునపాలతో పెకలించి, చెత్త లారీలో వెయ్యడానికి ఒక మూల కుప్పపోశారు. వదిన ఆ కుప్పలో వెతికి, అన్నింటిలోకీ వికారమైనదాన్ని ఏరుకొచ్చింది. తొడంత లావు మొదలు, మూరెడు ఎత్తులో రంపంతో అడ్డంగా కోసిన తల, ఒక పక్క ఎన్నడో దిగగొట్టిన ఇనుప మేకు చుట్టూ కుళ్ళి పిడికిలి పట్టేంత తొర్ర. బెరడు మూడు పక్కలా పోయింది. నాలుగో పక్కన, తొర్రను ఒరుసుకుంటూ, మూడు వేళ్ళ వెడల్పున పట్టీలాగా పైదాకా మిగిలింది. ఆ మొద్దు ప్రాణమంతా ఆ పట్టీలోనే ఉంది.

"దీన్ని పొయ్యిలో పెట్టినా సరిగా మండదు," అన్నాడు అన్నయ్య.

"మిమ్మల్ని చూసినప్పుడు మా నాన్న కూడా అదే అన్నారు," అంది వదిన.

వదినది ఒకటే నియమం: ఏడాదికి ఒక పని. మొదటి ఏడు మొద్దును చెక్కపెట్టెలో నాటి నీళ్ళు పొయ్యడం తప్ప ఏమీ చెయ్యలేదు. రెండో ఏడు పుట్టిన చిగుళ్ళలో నాలుగు ఉంచి మిగతావి తీసేసింది. మూడో ఏడు వేళ్ళు కత్తిరించింది. ఒక నోటు పుస్తకంలో ఏడాదికొక వాక్యం రాసేది. పళ్ళమ్మ ఎగతాళి చేసేది: "నా దగ్గర పొద్దున అచ్చు తీస్తే సాయంత్రానికి పలువరుస. నీ దగ్గర మూడేళ్ళకు మూడు వాక్యాలు!" ఎగతాళి చేస్తూనే, వదిన కత్తిరించి పారేసిన కొమ్మల్లో ఒకదాన్ని తీసుకెళ్ళి తన కిటికీలో చిన్న కుండీలో గుచ్చింది. అది వేరు పట్టి పెన్సిలంత లావు మొక్కయింది.

తొర్ర సంగతి మాత్రం ఆమెకు సయించేది కాదు. పంట్లో చిన్న గుంట కనిపిస్తే పూడ్చాలి. ఆమె వృత్తి ఆమెకు నేర్పింది అదే. "అది అలాగే ఉండాలి. ఎండి గట్టిపడుతుంది. ఆ మొద్దు పడ్డ కష్టమంతా అందులోనే ఉంది," అనేది వదిన.

నాలుగో ఏడు మొదట్లోనే వదినకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, సగం మాట పోయాయి. ఎనిమిది నెలలు వ్యాయామ చికిత్స చేసే ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. అన్నయ్య అక్కడే కాపలా. మొద్దు పళ్ళమ్మ ఇంటికి చేరింది. వెళ్ళేముందు వదిన ముక్కలు ముక్కలుగా చెప్పిన మాట ఒక్కటే: "నీళ్ళు... పొయ్యి. ముట్టుకోకు."

రెండో నెలలో ఒక ఆదివారం ఉదయం పళ్ళమ్మ ముట్టుకుంది.

చెడు చెయ్యాలని కాదు. వదిన తిరిగొచ్చేసరికి ఆ తొర్ర నున్నగా పూడి ఉంటే, చూసి ఆశ్చర్యపోతే, "నీ చెయ్యే చెయ్యి" అంటే వినాలని ఆమె కోరిక. పెద్ద నేరాలు చాలావరకు ఇలాంటి చిన్న కోరికల నుంచే మొదలవుతాయి. అంతమాత్రాన అవి చిన్న నేరాలు కావు. పంటి పనికి వాడే సన్నని డ్రిల్లుతో కుళ్ళంతా తొలిచి శుభ్రం చేసింది. కట్టుడుపళ్ళకు చిగుళ్ళ భాగం చెయ్యడానికి వాడే పొడినీ ద్రవాన్నీ కలిపి, పిడికెడు ముద్ద చేసి, తొర్ర నిండా కూరి, బొటనవేలితో నున్నగా అదిమింది.

ఆ ముద్ద గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. అంగిట్లో పెట్టే పలచని పలకకు ఆ వేడి ఏపాటిదీ కాదు. దళసరి ముద్దకు మాత్రం పొయ్యి అక్కర్లేదు, తనలో తానే ఉడుకుతుంది. ఒకేసారి మందంగా కూరవద్దని పనిలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ చెప్పేది ఆమే. ఆ ఉదయం ఎదురుగా ఉన్నది నోరు కాదు గనుక ఆ మాట ఆమెకు తట్టలేదు. పావుగంట తరవాత మొద్దును తిప్పబోయి, బెరడు పట్టీ మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసుకుంది. అప్పుడే పోసిన టీ గ్లాసులా కాలింది. చెంబులకొద్దీ నీళ్ళు కుమ్మరించింది. పట్టీ కింద ప్రవహించే రసం అప్పటికే ఉడికిపోయింది.

మూడు వారాలకు ఆకులు కాగితాల్లా గలగలలాడాయి. బెరడును గోరుతో గీకింది. బతికుంటే లోపల పచ్చగా కనిపించాలి. గోధుమరంగు కింద గోధుమరంగే ఉంది. ఇంకొంచెం పైన గీకింది. ఇంకొంచెం కింద గీకింది. ఆఖరికి ఎక్కడ గీకుతోందో తెలియకుండా గీకింది.

అప్పటికి ఆసుపత్రిలో వదిన చికిత్సకు మొండికేసింది. మెత్తని బంతి చేతిలో పెట్టి పిసకమంటే గోడవైపు తిరిగి పడుకునేది. మూడో నెలలో చూడ్డానికి వెళ్ళిన పళ్ళమ్మను, వంకరపోయిన పెదవులతో, "మొద్దు?" అని అడిగింది.

"చిగురేసింది వదినా. నిన్ననే చూశాను," అంది పళ్ళమ్మ. "నువ్వు రాకపోతే ఎవరు కత్తిరిస్తారు?"

ఆ సాయంత్రం వదిన బంతి అందుకుంది.

అక్కడి నుంచి పళ్ళమ్మకు వెనక్కి దారి లేకపోయింది, లేదా లేదని ఆమె తనకు తాను చెప్పుకుంది. తాను కూరిన ముద్దను తొలిచి పారేసింది. చచ్చిన మొద్దుకు వెనక వైపు, ఆ పాత బెరడు పట్టీ ఉన్న చోటే, అడుగు నుంచి తల దాకా, సన్నని గాడి చెక్కింది. కిటికీలోని పెన్సిలంత మొక్కను తెచ్చి, వేళ్ళు మట్టిలో పాతి, కాండాన్ని ఆ గాడిలో పొదిగి, చీమ తలంత మరలు రెండు బిగించి, పైన గుడ్డపట్టీ చుట్టింది. వదిన ఇంటికొచ్చాక, "బెరడు పగిలింది, కట్టు కట్టాను, మూడు కొమ్మలు పోయాయి, ఒకటి దక్కింది. ఏడాది దాకా విప్పొద్దు," అని చెప్పింది. ఏడాదికి ఒక పని అనే మనిషికి ఆ మాట మీద అనుమానమెందుకు వస్తుంది? కట్టు విప్పేసరికి మొక్క లావెక్కి గాడి నిండా ఒత్తుకుపోయింది. చచ్చినదేదో బతికినదేదో, చెక్కిన చెయ్యికి తప్ప తెలియని స్థితి.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఎనిమిదేళ్ళు వదిన దాన్ని పెంచింది. మొదట ఎడమచేత్తో, పోనుపోను కుడిచేత్తో. ఒక ఏడు ఎడమ కొమ్మకు తీగ చుట్టి వంచింది. ఒక ఏడు తీగ విప్పింది, అంతే. ఇంకో ఏడు ఆకులన్నీ తుంచేసి, వాటి చోట సగం సైజు ఆకులు వచ్చేదాకా ఎదురుచూసింది. పలచని తొట్టిలో మూరెడు ఎత్తున, వానల్లో తెల్లబడ్డ ఎముకలాంటి మొదలు మీద, గొడుగు పట్టినట్టు ఆకుల గుబురు నిలిచింది. చూసినవాళ్ళు మాట మరిచిపోయేవారు. "సగం చచ్చింది, సగం బతికింది. నాలాగే," అని వదిన నవ్వేది. ఆ మాట అన్న ప్రతిసారీ పళ్ళమ్మ ఏదో ఒక పని వంక పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఇప్పుడు, పొట్టిచెట్ల సంఘం ప్రదర్శన. జీవితంలో ఒక్క అబద్ధపు సంతకం చెయ్యని మనిషి చేత, తెలియకుండా, ఒకటి చేయించాలి. ఆ అబద్ధాన్ని రాయవలసింది పళ్ళమ్మ చేత్తోనే.

బుధవారం అన్నయ్య కింది పళ్ళసెట్టు ఒరుసుకుంటోందని ఆమె పనిగదికి వచ్చాడు. సెట్టు ఊడదీసి ఆమె చేతిలో పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. పళ్ళు తన చేతిలో ఉన్నంతసేపూ అతడు ఎక్కువ వాదించలేడని తెలిసే కాబోలు, పళ్ళమ్మ అరగదీస్తూ అరగదీస్తూ మొత్తం చెప్పేసింది.

అన్నయ్య స్టూలు ముందుకు జరుపుకున్నాడు. కింది పళ్ళు లేని నోటితో, "ఛెప్పకు," అన్నాడు.

"ఏమిటి?"

"ఛెప్పకే! ఫళ్ళివ్వు ముందు." సెట్టు నోట్లో ఇరికించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "చెప్పకు. దాని కొమ్మే కదా నువ్వు అతికించింది? వేరే మొక్క కాదుగా. అమ్మ ఒళ్ళో పిల్లను కూర్చోబెట్టావు, అంతే."

"అమ్మను చంపి."

"అబ్బా, ఆ మాటలొద్దు. ఆవిడ చెయ్యి ఎలా లేచిందో నీకు తెలీదా? ఆ చిగురు మాటతోనే లేచింది. ఇప్పుడు నువ్వు చెప్పి, ఆవిడకు మళ్ళీ ఏమన్నా అయితే? నీ బరువు దింపుకోవడానికి ఆవిడ నెత్తిన పెడతావా?"

ఆ మాట సూటిగా తగిలింది. తొమ్మిదేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటున్న సాకును అన్నయ్య నోట వింటే, తాను చేసిన పళ్ళ మధ్య నుంచి వింటే, దాని రంగు తెలిసింది. "బరువు నాది అన్నయ్యా. కానీ కాగితం మీద సంతకం ఆవిడది," అంది. "జడ్జి వెనక్కి తిప్పి చూస్తే ఒక్క నిమిషంలో కనిపెడతాడు. అప్పుడు అబద్ధాలకోరు ఎవరవుతారు?"

"కనిపెట్టకపోతే?"

"కనిపెట్టకపోతే ఇంకా ఘోరం. ఆ అబద్ధం ఆవిడ పేరు మీదే నిలిచిపోతుంది," అంది పళ్ళమ్మ. అన్నయ్య దవడ కదిపి చూసుకుని, ఇప్పుడు ఒరుసుకోవడం లేదని చెప్పి, వెళ్ళిపోయాడు.

గురువారం ఉదయం ఆమె వదిన ఇంటి మేడ మీదికి వెళ్ళింది. వదిన డబ్బా కుళాయి కింద పెట్టి, చెట్టు మీది ఎండుటాకులు ఒక్కొక్కటీ ఏరుతోంది. పళ్ళమ్మ మడతలు పడ్డ దరఖాస్తు బల్ల మీద పరిచింది. ముందు వైపు నిండి ఉంది. వెనక వైపు ఖాళీ.

"కళ్ళజోడు మరిచిపోయావా?" అంది వదిన.

"లేదు వదినా. ఇది రాయలేను."

"ఏం? కమిటీ వాళ్ళ తెలుగు అంత ఘోరంగా ఉందా?"

పళ్ళమ్మ తొట్టిని వెనక్కి తిప్పింది. మట్టి దగ్గర, రెండు బెరళ్ళు ఒకదానికొకటి ఒత్తుకున్న చోట, వెంట్రుకంత గీత మీద వేలు పెట్టింది. "ఇటువైపు గోరు పెట్టి చూడు. తరవాత అటువైపు చూడు."

వదిన కుడిచేతి గోరు ఆనించింది. ఇటు గీకింది: పచ్చ. అటు గీకింది: బూడిదరంగు. ఆవిడ కాసేపు ఆ రెండు గీతల్నీ, అక్షరదోషం ఉన్న పేజీని చూసినట్టు చూసింది. పళ్ళమ్మ అంతా చెప్పింది. తొర్ర, ముద్ద, వేడి, గాడి, మరలు. తనను తాను తిట్టుకోకుండా, ఏడవకుండా చెప్పింది. ఏడిస్తే ఓదార్చడం వదిన పని అవుతుందని ఆమెకు తెలుసు.

"ఎప్పుడు పోయింది?"

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళిన రెండో నెలలో."

"చిగురేసిందని నాకు చెప్పింది ఎప్పుడు?"

"మూడో నెలలో."

కుళాయి కింద డబ్బా నిండి పొర్లుతోంది. నీళ్ళు ఇద్దరి కాళ్ళ మధ్యగా తూము వైపు పారాయి. వదిన, "ముందా కుళాయి కట్టు," అంది.

పళ్ళమ్మ కట్టి వచ్చింది. వదిన కుర్చీలో కూర్చుని ఉంది.

"చెట్టును చంపావు. పొరపాటు. ఒద్దన్న పని చేశావు, అది తప్పు. ఆ రెండింటికీ ఎప్పటికైనా నీతో సమాధానపడతాను. కానీ ఆ మంచం మీద, మాట కూడా రానిదాన్ని, ఒక్క ముక్క అడిగాను నిన్ను. ఒకే ఒక్క ముక్క! దానికి నువ్వు అబద్ధం చెప్పావు."

"నీ చెయ్యి..."

"నా చెయ్యి నేను లేపుకున్నాను!" వదిన గొంతు మేడంతా మోగింది. "రోజుకు మూడొందలసార్లు ఆ దిక్కుమాలిన బంతి పిసికింది నేను. ఆ కష్టాన్ని నీ అబద్ధానికి కట్టబెట్టకు. చెట్టు చచ్చిందని చెప్పి ఉంటే పిసికేదాన్ని కాదేమో. పిసికేదాన్నేమో! ఆ సంగతి నాకిప్పుడు ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే హక్కు నాది. నువ్వు తీసేసుకున్నావు."

పళ్ళమ్మ తల దించుకుంది. ఆ నేరానికి తన దగ్గర పేరు కూడా లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. తొమ్మిదేళ్ళూ ఆమె చెట్టు గురించే కుమిలింది. అసలు దొంగతనం ఇంకోటని ఆలోచించనైనా లేదు.

"దరఖాస్తు వెనక్కి ఇచ్చెయ్యనా?" అంది మెల్లగా.

"ఎందుకు? చెట్టేం పాపం చేసింది? ఆ పిల్లమొక్కకు ఎనిమిదేళ్ళు నేను చాకిరీ చేశాను. అతుకు చెట్లకు వేరే వరుస ఉంది ప్రదర్శనలో. అందులో పెట్టు. వెనక ఖాళీలో నీ చేత్తో రాయి: ఏది చచ్చింది, ఏది బతికింది, ఎవరి చేతిలో. నేను సంతకం పెడతాను, నువ్వూ పెట్టు. చీటీ మీద కూడా అదే రాయి. శని, ఆదివారాలు రెండు రోజులూ ఆ బల్ల పక్కన నిలబడు. అడిగిన ప్రతివాళ్ళకూ చెప్పు."

"అందరికీనా?"

"నాకు తొమ్మిదేళ్ళు చెప్పలేదుగా. అలవాటు కావాలి."

శనివారం ఉదయం హాలు తెరిచేసరికి పళ్ళమ్మ బల్ల పక్కన నిలబడి ఉంది. వదిన పది అడుగుల దూరంలో గోడవార కుర్చీలో, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్నయ్య పరిస్థితి చూసి, టీ తెస్తానని వెళ్ళి గంటన్నర రాలేదు.

మొదట వచ్చినవాళ్ళకు పళ్ళమ్మ చీటీ చూసి చదివేసింది. ఐదోసారికి గొంతు నిలబడింది. పదోసారికి, మనిషి నాలుక ఎంత తెలివైనదో, కథ దానంతటదే నునుపు తేలసాగింది. చిన్నపిల్లను ఎత్తుకున్న ఒక తల్లి అడిగితే, "పాపం, లోపల వేడి ఎక్కువై మొదలు పోయిందండీ," అనేసింది.

గోడవార నుంచి చేతికర్ర నేల మీద టక్కుమంది. "వేడి దానంతటదే ఎక్కువైందా?"

పళ్ళమ్మ ఆగింది. "లేదండీ," అంది ఆ తల్లితో. "నేను చెయ్యకూడని పని చేసి, వేడెక్కించి చంపాను. మా వదిన చెట్టు. తరవాత బతికే ఉందని ఆవిడతో అబద్ధం చెప్పాను."

ఆ తల్లి పిల్లను ఇంకో చంకకు మార్చుకుని, ఒకసారి చెట్టునూ ఒకసారి వదిననూ చూసి, మాట్లాడకుండా తరవాతి బల్లకు వెళ్ళిపోయింది. అలా మాట్లాడకుండా వెళ్ళినవాళ్ళే ఆ రోజు ఎక్కువ.

మధ్యాహ్నం జడ్జి వచ్చాడు. తొట్టిని తిప్పి, భూతద్దంతో అతుకు వెంబడి పైనుంచి కిందిదాకా చూశాడు. "నేను చూసినవాటిలో ఇంత శుభ్రమైన గాడి లేదు," అన్నాడు. "ఇది ఎవరి చేతిపని?"

తొమ్మిదేళ్ళ కిందట ఆమె వినాలని ఆశపడ్డ మాట అదే. ఆమె చీటీని జడ్జి వైపు తిప్పింది. "గాడి నాదండీ," అంది. "చంపింది నేను, దాచడానికి అంత శుభ్రంగా చెక్కాను. కొమ్మలూ ఆకులూ ఆ రూపమూ మా వదిన పెంపకం. మార్కులు వెయ్యాలంటే వాటికి వెయ్యండి." జడ్జి భూతద్దం జేబులో పెట్టుకుని, కాగితం మీద రాసిందేదో కొట్టేసి, ఇంకేదో రాసుకున్నాడు.

సాయంత్రం దీపాలు ఆర్పుతుంటే అన్నయ్య వదినను లేపి నిలబెట్టాడు. వదిన బల్ల దగ్గరికి వచ్చింది. పళ్ళమ్మ ముఖం చూడలేదు. మట్టి మీద వేలు పెట్టి తడి చూసింది. ఎడమ కొమ్మ మీద ఎవరి వేళ్ళో తగిలి వాలిన ఆకును గిల్లి తీసేసింది.

"రేపు ఆదివారం. జనం ఎక్కువ వస్తారు," అంది, చెట్టుతో చెప్పినట్టు. "తొమ్మిదింటికల్లా ఇక్కడుండాలి."

"ఉంటాను వదినా."

"నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయా?"

"పీకుతున్నాయి."

"పీకనీ," అంది వదిన. కర్ర ఊతంతో గుమ్మం వైపు నడిచింది.